అట్టపెట్టెలోంచి అరుగు మీదికి

పాత ‘చందమామ’లు దాచుకున్నవాళ్లని మీ దగ్గర ఏమున్నాయని అడిగితే ముందు లెక్క చెబుతారు. ఏ ఏడాదివి పూర్తిగా ఉన్నాయి, ఏ నెల సంచిక దొరకలేదు, దేనికి అట్ట ఊడింది, దేన్ని ఎంత పెట్టి కొన్నారు. లెక్క తప్పేమీ కాదు, లెక్కలేని సేకరణ చిత్తుకాగితాల మూటే. కాని చాలామంది ఆనందం ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది. కట్టకట్టి అట్టపెట్టెలో సర్ది, పెట్టెని అటకెక్కించి, సంక్రాంతికోసారి దుమ్ము దులిపి నాలుగు పేజీలు తిప్పి, ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూర్చి మళ్లీ పైన పెట్టేస్తారు. ఈ అధ్యాయం చెప్పదలుచుకున్నది ఒక్కటే. చిన్నప్పటి పత్రిక మీద, చిన్నప్పటి రచయిత మీద పెద్దయ్యాక మిగిలిన ఇష్టం సొత్తుగా ఉన్నంతకాలం మనిషిని పెంచదు. అది పనిగా మారాలి. ఆ పని ఒంటరిగా సాగదు. నలుగురు కలిసి చదివి, గమనించింది రాసి, రాసింది పంచుకోవాలి. హాబీని ఉద్యోగానికి మెట్టుగా, ఇంటర్వ్యూలో చెప్పుకునే మాటగా చూపించే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ అలాంటి ఆశ పెట్టడం లేదు. ఈ పని వల్ల జీతం పెరగదు, చూపు మాత్రం పదునెక్కుతుంది.

ఆధారం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికని నెలనెలా తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావు. అదే 1952లో పనిలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ రెండు తరాల పిల్లల్ని నెలాఖరుదాకా పోస్టుమాన్ కోసం కాచుకునేలా చేశారు. అయితే ఆ సీరియళ్ల మీద ఆయన పేరు అచ్చవలేదు. కుటుంబరావు పేరు సంపాదకుడిగా కనిపించలేదు. లక్షలమంది చదివారు, రాసిందెవరో తెలిసినవాళ్లు ఆఫీసులోవాళ్లు, సాహిత్య మిత్రులు. మరి ఇవాళ ఆ సీరియళ్లు దాసరి పేరుతో పుస్తకాలుగా దొరుకుతున్నాయంటే దాని వెనక పాత పాఠకుల పట్టుదల ఉంది. చిన్నప్పుడు ఒళ్లు మరిచి చదివినవాళ్లు పెద్దయ్యాక ఇది రాసిందెవరని అడిగారు, సంచికలు పోల్చి చూశారు, ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర వెతికారు, పాత ఉద్యోగుల్ని కదిలించారు. దాసరి 2010లో పోయేనాటికి ఆ పేరు అభిమానుల నోట నలిగిన పేరే. సేకరణ ఎవరి అటక మీద వాళ్లకే ఉండిపోతే ఈ పని జరిగేది కాదు. ఒక్కడి దగ్గర ఉన్న కట్ట ఎంత పెద్దదైనా, రాసిన మనిషి పేరు దాని లోపల లేదు కదా.

ఇంగ్లండులో ఇదే పనికి ఒక సంఘం, ఆ సంఘానికో పత్రిక ఉన్నాయి. పిల్లలకి ఏడువందల దాకా పుస్తకాలు రాసిన ఎనిడ్ బ్లైటన్ 1968లో చనిపోయారు. 1995లో ఆమె అభిమానులు ఒక సొసైటీ పెట్టుకుని ఏడాదికి మూడుసార్లు ఒక పత్రిక వేస్తూ వస్తున్నారు. అలాంటి పత్రికల్లో కీర్తనలకన్నా కూపీలు ఎక్కువ. ఫలానా కథ మొదట ఏ వారపత్రికలో వచ్చింది, పుస్తకమయ్యేటప్పుడు ఏ పేరా పోయింది, రెండో ముద్రణకి బొమ్మలు ఎవరు మార్చారు, కథలోని దీవికి నిజంగా మూలం ఏ ఊరు. బయటివాళ్లకి ఇదంతా గోరంతని కొండంత చేయడంలా కనిపిస్తుంది. కాని దాని ఫలితం చూడండి. గ్రంథాలయాలు చిన్నచూపు చూసిన, బీబీసీ ఏళ్ల తరబడి పక్కన పెట్టిన ఒక రచయిత్రి గురించి ఇవాళ ఎవరైనా నిలకడగా రాయాలంటే ముందు ఆ అభిమానులు పోగుచేసిన వివరం తిరగేయాల్సిందే. లూయిస్ కారల్ పేరిట 1969 నుంచి, బియాట్రిక్స్ పాటర్ పేరిట 1980 నుంచి ఇలాంటి సంఘాలే నడుస్తున్నాయి. మన దగ్గర అభిమానానికి కొదవలేదు, పత్రికకే కొదవ. ఒక బాలసాహిత్య రచయిత పేరున సంఘం పెట్టి, ఏళ్ల తరబడి సంచిక తర్వాత సంచిక తెచ్చే అలవాటు తెలుగులో వేళ్లూనలేదు. వర్ధంతికి ఒక ప్రత్యేక సంచిక, ఒక సన్మాన సభ, ఒక శాలువా. ఆ తర్వాత మళ్లీ మౌనం.

అలాగని ఇది మనకి పరాయి అలవాటని అనుకుంటే పొరపాటు. చందమామలోనే ‘ఫొటో వ్యాఖ్యల పోటీ’ ఉండేది. రెండు ఫొటోలకి జతకుదిరే రెండు మాటలు కార్డు మీద రాసి పంపమనేవారు. పాఠకుణ్ణి పేజీలోకి లాగిన చిన్న కిటికీ అది. దానికన్నా ముందు, 1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసులో ‘బాల’ పత్రిక మొదలుపెట్టి తలుపే తెరిచేశారు. పిల్లలు రాసినవి, గీసినవి అందులో అచ్చయ్యాయి. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’ వచ్చింది అందులోనే. ఆ రమణ సంపాదకుడిగా, బాపు చిత్రకారుడిగా కొందరు కుర్రాళ్లు కలిసి ‘ఉదయభాను’ అని సొంత పత్రిక పెట్టుకున్నారు, దానికోసం సైక్లోస్టైల్ మిషను కూడా కొన్నారు. తర్వాత వాళ్లిద్దరూ ఏమయ్యారో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. చదివేవాడు చేసేవాడిగా మారిన ఆ మలుపులో ఒక పత్రిక ఉంది, నలుగురు మిత్రులు ఉన్నారు. హైస్కూళ్లలో, ఊరి గ్రంథాలయాల్లో లిఖిత పత్రికలు నడిచిన కాలం అది. ఒకే ప్రతి, చేత్తో రాసింది, చేతులు మారుతూ ఊరంతా తిరిగేది.

ఇలాంటి పని పెద్ద నగరాల్లోనే సాగుతుందని అనుకోకండి. కురుపాం సంగతి చూడండి. విశాఖపట్నం వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ అంటే తెలియనివారుండరు. ఆ పేరు మోసిన ఊరు ఎక్కడో తూర్పు కనుమల కింద, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉందని గుర్తుచేసుకునేవాళ్లు మాత్రం అంతమంది ఉండరు. పేరు వాడుకలో నిలిచి, పేరుగలది మరుగున పడటం సీరియళ్లకే కాదు, ఊళ్లకీ జరుగుతుంది. పెద్ద నగరాల్లో అభిమాన సంఘాలకి సభాభవనాలు, పాత పుస్తకాల బజార్లు ఉన్నాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ పుస్తక మహోత్సవంలో ఏదో ఒకటి దొరుకుతుంది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, జియ్యమ్మవలస వైపు ఆ వసతి లేదు. అయినా ఈ రకం పని మొదలుపెట్టడానికి ఇలాంటి చోటే మెరుగని నా వాదన. కొనడానికి ఎక్కువ దొరకనిచోట ఉన్నదాన్నే నిదానంగా చదవాల్సి వస్తుంది. పైగా తెలుగు పిల్లల పత్రికల చరిత్రలో ఈ వైపు వాటా తక్కువేం కాదు. చందమామ ముఖచిత్రాలకి తన రంగులద్దిన వడ్డాది పాపయ్య, మన ‘వపా’, శ్రీకాకుళం మనిషి. రేడియో అన్నయ్య పుట్టింది బరంపురంలో, అక్కయ్య పుట్టింది విజయనగరంలో. కురుపాం నుంచి వీటిలో ఏదీ ఒక పూట ప్రయాణానికి మించిన దూరం కాదు.

ఈ కొండల్లో అడుగుపెట్టగానే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది, దాన్ని తప్పించుకుపోకూడదు. చందమామ లోకం రాజులది, మంత్రులది, వర్తకులది. అడవి మనుషులు అందులో లేకపోలేదు, సాహస సీరియళ్లలో అడుగడుగునా ఉంటారు. ఒకచోట వీరులు, నమ్మినవాడి కోసం ప్రాణమిచ్చేవాళ్లు. ఇంకోచోట ఈటెలెత్తి అరుస్తూ మీదపడే, బలులిచ్చే భయంకర మూక. మైదానం పిల్లవాడికి అదంతా కల్పన. సవర, జాతాపు గిరిజనుల ఇళ్ల నుంచి ఆశ్రమ పాఠశాలకి వచ్చిన పిల్లకి అది అద్దంలో వంకరగా కనిపించే సొంత ముఖం. అలాంటప్పుడు ఈ పాత కథల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనది. ‘ఆ కాలం అలాంటిది’ అనేది జవాబు కాదు, దాటవేత. జవాబు ఏమిటంటే, ఆ ప్రశ్న వేసే చోటు అభిమానుల పత్రికే. బ్లైటన్ కథల్లో నల్లబొమ్మల్ని దొంగలుగా చూపించిన తీరు మీద దశాబ్దాలు వాదన నడిచింది, చివరికి కొత్త ముద్రణల్లో ఆ పాత్రలు మారాయి. ఇలాంటి వాదనలో ఏ కథలో, ఏ బొమ్మలో, ఏ మాటతో అని పేజీ తెరిచి చూపించగలిగింది పాత ప్రతులు దాచినవాళ్లే. ప్రేమించినవాడు ఎత్తి చూపే తప్పుకి, అసలు చదవనివాడు విసిరే రాయికి తేడా ఉంది. చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన అడవి పల్లె బొమ్మ పక్కన నిజమైన సవర పల్లె ఎలా ఉంటుందో రాయగలిగిన పాఠకుడు హైదరాబాద్‌లో దొరకడం కష్టం, కురుపాంలో దొరుకుతాడు.

అక్కడితో ఆగకుండా ఇంకో అడుగు వేయవచ్చు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠం చెప్పుకునే గిడుగు రామమూర్తి సవరభాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టి, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. తండ్రి వెంట ఆ పనిలో నడిచిన గిడుగు వెంకట సీతాపతి తెలుగు పిల్లలకి గేయాలు రాసిన కవి. అంటే తెలుగు బాలసాహిత్యం, సవర మాట ఒకే ఇంట్లో పక్కపక్కన పెరిగాయి. ఒడిశా వైపు మంగయి గమాంగో 1936లో సవరకి సొంత లిపి, సోరంగ్ సంపెంగ్, తయారుచేశారు. చందమామ పదికి పైగా భాషల్లో వచ్చింది, చివరి దశలో గిరిజన భాష సంతాలీలోకి కూడా వెళ్లింది. సవరలో మాత్రం రాలేదు. మీరు పెట్టుకునే పత్రికలో ఈ లోటు మీద ఒక వ్యాసం రావచ్చు, దాని పక్కన ఒక సవర అవ్వ చెప్పిన కథకి తెలుగు పాఠం, చెప్పినావిడ పేరు ఆమె ఒప్పుకుంటే పైనే వేసి. పేర్లు వేయని పత్రిక మీద పెరిగిన అభిమానులు ముందుగా నేర్చుకోవాల్సిన మర్యాద అదే.

పని ఎలా చేయాలంటారా? అంతా ఒక్కసారి పట్టుకోకండి. ఒక సీరియల్, లేదా ఒక చిత్రకారుడు, లేదా ఒక్క సంవత్సరం తీసుకోండి. బేతాళ కథల్నే తీసుకోండి. సంస్కృతంలో ఉన్నవి పాతిక. చందమామ ఆ చట్రంలో వందల కథలు నడిపింది. అంటే మామూలు కథకి ముందూ వెనకా విక్రమార్కుణ్ణి, శవాన్ని, చివరి ప్రశ్నని తగిలించారన్నమాట. ఒక ఏడాది పన్నెండు కథలు ముందు పెట్టుకుని, ప్రశ్న నిజంగా కథలోంచి పుట్టిందా, అతికించారా అని చూస్తే కథ కట్టే విద్యలో మీకు దొరికే పాఠం ఏ వర్క్‌షాపులోనూ దొరకదు. శవాన్ని భుజాన వేసుకున్న ఆ రాజు బొమ్మతోనే చిరకాలం గుర్తుండిపోయిన చిత్రకారుడు శంకర్ 2020లో తన 97వ ఏట పోయారు. ఆ బొమ్మ శీర్షిక బొమ్మగా మారకముందు, మారాక కథల బొమ్మల్లో తేడా ఉందా అని చూడటం ఇంకో నెల పని. నోటుబుక్కులో నెల, సంవత్సరం, పేజీ, బొమ్మ కింద సంతకం ఉందా లేదా, ప్రకటనలు ఏమున్నాయి, అన్నీ రాయండి. ప్రకటనల్ని చిన్నచూపు చూడకండి. ఏ కాలంలో ఏ బిస్కెట్టు, ఏ పౌడరు తల్లిదండ్రుల చేత కొనిపించాలని చూశారో కథలు చెప్పవు.

కాగితం సంగతీ కొంచెం. పాతరోజుల్లో బైండింగు చేసేవాళ్లు అట్టలు చింపి అవతల పారేసి లోపలి పేజీలనే కుట్టేవారు. అలా పోయిన వపా ముఖచిత్రాలకి లెక్కలేదు. ఇళ్లలో సీరియల్ పేజీలు మాత్రం విప్పి విడిగా కుట్టుకున్న పుస్తకాలు ఉంటాయి. సంచిక పూర్తిగా లేదని వాటిని తీసిపారేయకండి. అచ్చు పుస్తకం లేని రోజుల్లో పాఠకుడే ప్రచురణకర్త అయ్యాడనడానికి అదే సాక్ష్యం. కొండప్రాంతం వానలకి, చెమ్మకి పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. వాటిని మెల్లగా తీసి నూలుదారంతో కుట్టండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, నాలుగేళ్లకి అది పసుపుపచ్చగా మారి అక్షరాలతో సహా ఊడుతుంది. పెట్టెని గోడకి ఆనించి నేల మీద పెడితే మీకన్నా ముందు చెదలు చదువుతాయి.

అన్నీ ఫోనులో దొరుకుతుంటే ఈ తంటా ఎందుకని ఇంకొకరు అడుగుతారు. దశాబ్దాల చందమామలు స్కాన్లుగా తిరుగుతున్న మాట నిజమే, అది గొప్ప మేలు. వేలకి వేలు పోసి కొనలేనివాడికి కూడా ఇవాళ పాత సంచిక అందుతోంది. చదవడానికి స్కానో, కొత్త ముద్రణో చాలు. అసలు ప్రతి ఎందుకంటే కాగితం, రంగు, అచ్చుతప్పు, చేత్తో రాసిన చందాదారు పేరు, ఇలాంటి సాక్ష్యం కోసం. అందుచేత డబ్బు లేనివాడు ఈ పనికి పనికిరాడన్న మాట చెల్లదు. పత్తేదారు పని చేయడానికి బంగళా అక్కర్లేదు. దొరకడం వేరు, చదవడం వేరు. వెయ్యి పీడీఎఫ్‌లు ఫోనులో ఉన్నవాడు ఒక్క ‘రాకాసిలోయ’ మీద రెండు పేజీలు రాయగలిగితే అప్పుడు అతని దగ్గర నిజంగా ఏదో ఉన్నట్టు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మీ పత్రికలో పాత కథ మొత్తం ఎత్తి వేసుకోకండి. కథ గురించి రాయండి. నిజానికి ఈ నియమమే మిమ్మల్ని కాపాడుతుంది, ఎత్తి వేసుకునే వీలుంటే ఎవరూ ఆలోచించి రాయరు.

అన్నిటికన్నా పాత ఆక్షేపణ, ఇదంతా జ్ఞాపకాల మత్తని. కొంత నిజం ఉంది. ‘ఇప్పటి పిల్లలకేం తెలుసు’ అనే మాటతో మొదలయ్యే సమావేశం రెండో నెలకి పలచబడుతుంది, పలచబడాలి కూడా. జ్ఞాపకాన్ని పరీక్షకి పెట్టినప్పుడు మత్తు దిగుతుంది. ఫలానా కథ అద్భుతమని ముప్పై ఏళ్లుగా చెబుతున్నవాడు, అదే కథ మళ్లీ చదివి పదకొండేళ్ల పిల్ల ముందు సమర్థించుకోవాల్సి వస్తే, అప్పుడు తెలుస్తుంది కథలో బలం ఎంత, తన బాల్యంలో బలం ఎంత. ఓడిపోతే నష్టమేం లేదు. తను ఇష్టపడ్డదాన్ని తనే నిదానంగా తూచి, ఇది తాలు, ఇది గట్టిగింజ అని ఒప్పుకోగలిగిన మనిషి మిగతా విషయాల్లోనూ అంత తేలిగ్గా మోసపోడు. వార్త చదివినా, వాట్సాప్‌లో పిడుగులాంటి మాట వచ్చినా, ‘ఇది మొదట ఎక్కడ వచ్చింది, ఎవరన్నారు’ అని అడిగే అలవాటు అతనికి ఈపాటికే పడి ఉంటుంది. పెద్దయ్యాక ఈ శిక్షణ ఇంత హాయిగా ఇచ్చే బడి నాకైతే ఇంకొకటి కనిపించలేదు. అయితే జట్టులో ఒక్క పిల్లయినా, ఒక్క కుర్రాడైనా ఉండాలి. అందరూ అరవై దాటినవాళ్లే అయితే అది చదువుల జట్టు కాదు, పరామర్శ.

మీ పత్రిక తొలి సంచికకి పెద్ద ఏర్పాట్లు వద్దు. నలుగురు చాలు. నెలకొక సాయంత్రం, ఒక అరుగు, ఒక సంచిక. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే రిజిస్టరు మాత్రం మొదటిరోజే పెట్టండి, స్నేహాలు చెడేది అక్కడే. మూడు నెలలు మాట్లాడుకున్నది ఎనిమిది పేజీల్లో చేత్తో రాసి, పార్వతీపురంలోనో ఇంకెక్కడో జిరాక్స్ తీయించి, పాతిక ప్రతులు పంచండి. ఒకటి బడికి, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి మీ ఊరు వదిలి విశాఖలో, బెంగళూరులో స్థిరపడ్డ మీ తోటి చదువరికి. రాసినవాళ్లందరి పేర్లు ముందు పేజీలోనే వేయండి. బొమ్మ వేసిన పిల్ల పేరు కూడా. దానికంటే ముందు ఇవాళే చేయగలిగింది ఒకటుంది. అటక మీది పెట్టె దింపండి, అందులో 1954 సంచిక ఏదైనా ఉంటే ‘తోకచుక్క’ పేజీ తీసి, రచయిత పేరు ఉండాల్సిన చోట ఏముందో చూడండి.